మద్దమ్మ వేసిన తాళం

కుందారపల్లి మద్దమ్మకు ఓర్వలేనితనం ఎక్కువ అని ఊళ్లో అందరూ అంటారు గానీ, ఆ మాట పూర్తిగా నిజం కాదు. ఎవరి పొలంలో రాగులు బాగా పండినా, ఎవరి కూతురికి మంచి సంబంధం కుదిరినా ఆమె సంతోషంగానే వెళ్లి, తృప్తిగా భోంచేసి, నాలుగు మంచి మాటలు చెప్పి వచ్చేది. ఆమె కడుపుమంట అంతా ఒకే ఒక్క మనిషి మీద. ఆ మనిషి ఆమె తోడికోడలు నాగక్క. ఉన్నదంతా ఒక్కచోటే కుమ్మరించింది కాబట్టి చూసేవాళ్లకు ఎక్కువగా కనిపించేది.

మద్దమ్మ అత్తిముగం అనే ఊరి పిల్ల. పెద్దకోడలిగా రాజప్ప ఇంటికి వచ్చింది. రెండేళ్లు గడవకముందే రాజప్ప తమ్ముడు గోవిందప్పను చేసుకుని నాగక్క చిన్నకోడలిగా దిగింది. దిగిన ఏడాదికే మగపిల్లవాణ్ని కన్నది, ఆ తర్వాత మళ్లీ కన్నది, మళ్లీ కన్నది. మద్దమ్మకు ఒక్క నలుసు కూడా కలగలేదు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు బెంగుళూరు రోడ్డుకు ఇవతలి ఇల్లు అన్నకు, అవతలి ఇల్లు తమ్ముడికి వచ్చాయి. మంచినీళ్ల బావి అవతలి వైపుకు పోయింది. ఊరికి కరెంటు వచ్చిన ఏడు మొదటి బల్బు వెలిగింది కూడా గోవిందప్ప ఇంట్లోనే. ఊరంతా చూడటానికి పోతే మద్దమ్మ తలుపు వేసుకుని కూర్చుంది. ఏమని అడిగిన వాళ్లతో, "ఆ వెలుతురు నా కండ్లకు కొడతా ఉండాది" అని చెప్పింది. కళ్లకే కొట్టిందో ఇంకెక్కడ కొట్టిందో అడిగే ధైర్యం ఎవరికుంది?

రాజప్ప పోయాక మద్దమ్మ ఎద్దులను అమ్మేసింది. ఇంటి పక్కన రోడ్డు వారగా ఉన్న ఎద్దుల కొట్టం ఖాళీ అయింది. అప్పుడు వచ్చారు శేషప్ప, అతని పెళ్లాం కాళమ్మ. వాళ్లది బొరుగులు వేయించే పని. మట్టి పొయ్యి మీద పెద్ద బాణలి పెట్టి, ఇసుక కాల్చి, ఉప్పునీళ్లు పట్టించిన బియ్యం అందులో పోసి తిప్పితే బొరుగులు తెల్లగా పొంగి వస్తాయి. ఆ పనికి రోడ్డు పక్కన ఎత్తైన కప్పుతో కొట్టం కావాలి. మద్దమ్మ కొట్టం సరిగ్గా అందుకే కట్టినట్టు ఉంది.

ఊరి పెద్ద హనుమంతయ్య ముందు ఆకువక్కలు మార్చుకున్నారు. గడువు మూడేళ్లు, ఆయుధపూజ నుంచి ఆయుధపూజకు లెక్క. ఆ పండక్కి మన వైపు నాగలికి, మగ్గానికి, కొడవలికి, సైకిలుకు, ఆఖరికి బస్సుకు కూడా బొరుగులు పెట్టి మొక్కుతారు కదా, బొరుగుల వాళ్లకు ఏడాది మొదలయ్యేదీ ముగిసేదీ అప్పుడే. బాడుగ కాక ఇంకొక మాట కూడా జరిగింది. ప్రతి సంతరోజు పొద్దున బాణలిలోంచి దిగే మొదటి వాయి ఇంటివాళ్లది. ఆ షరతు పెట్టింది మద్దమ్మే. ఒక్క పొట్టకు అన్ని బొరుగులు ఎందుకని హనుమంతయ్య నవ్వితే, "తినేదానికి కాదయ్యా, మర్యాదకు" అంది.

ఆ తర్వాతి రెండేళ్లూ మద్దమ్మ బతుకులో ఎన్నడూ లేనంత సందడి. కొట్టం ముందు బియ్యం గంపలతో ఆడవాళ్లు బారులు తీరేవారు. లారీలవాళ్లు ఆగి సంచులు నింపుకునేవారు. బస్సు కండక్టరు "మద్దమ్మ కొట్టం, దిగేవాళ్లు దిగండి" అని కేకేసేవాడు. ఆ కేక వినడానికని ఆమె బస్సు వేళకు అరుగు మీదికి వచ్చి కూర్చునేది. కాళమ్మ "అత్తా, అత్తా" అంటూ ఆమె వెనకాలే తిరిగేది. పని లేనప్పుడు ఆమె తల దువ్వేది, కాళ్లు పిసికేది, ఊళ్లో కబుర్లన్నీ మోసుకొచ్చేది. పిల్లలు లేని మద్దమ్మకు ఒక పిలుపు దొరికింది. ఆ పిలుపు కోసం ఆమె తన పెళ్లినాటి వెండి కడియాలు కూడా ఇచ్చేసేదే, అడిగితే.

వీటన్నిటికన్నా తియ్యనిది ఇంకొకటి ఉంది. రోడ్డుకు అవతల నాగక్క తన అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తూ ఉండేది. నాగక్క బయటికి వచ్చిందంటే చాలు, మద్దమ్మ ఉన్న మాటకూ లేని మాటకూ పగలబడి నవ్వేది. ఎందుకు నవ్వుతోందో తెలియక కాళమ్మ కూడా నవ్వేది. నాగక్క ముఖంలో మాత్రం ఏమీ కనబడేది కాదు. రాయి లాంటి ముఖం దానిది. అదే మద్దమ్మకు నచ్చని సంగతి. ఇంత జరుగుతున్నా దానికి చీమ కుట్టినట్టు కూడా లేదే అని ఉడికిపోయేది.

చిక్కు బావి దగ్గర మొదలైంది. నీళ్లకు కాళమ్మ అవతలికి పోక తప్పదు. పోతే నాగక్క పలకరిస్తుంది. పలకరిస్తే నిలబడి మాట్లాడక తప్పదు. కడవ నింపుకుని రాగానే మద్దమ్మ గుమ్మంలోనే పట్టుకునేది.

"ఏమి అంతసేపు?"

"నాగక్కమ్మ మాట్లాడిస్తే నిలబడినాను అత్తా."

"నా గురించి ఏమనింది?"

"ఏమీ అనలేదు అత్తా. వాళ్ల కోడలికి నెలలు నిండినాయంట. ఆ మాట చెప్పింది."

"ఏమీ అనకుండా ఉంటాదా అది! నువ్వు దాస్తా ఉండావు."

ఏమీ అనలేదంటే దాచినట్టు, ఏదో అన్నదంటే రెండు రోజులు రచ్చ. పాపం ఆ పిల్ల ఏం చెప్పి బతకాలి? చివరికి కాళమ్మ తెల్లారకముందే, నాగక్క లేవకముందే నీళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. అది కూడా మద్దమ్మకు తప్పుగానే తోచింది. ఎవరూ చూడని వేళ చూసి పోతున్నావంటే అక్కడ ఏదో ఉందన్న మాటే కదా అని నిలదీసింది.

ఇలా ఉండగా ఒక సంతరోజు నాగక్క పెద్ద మనవడికి కడుపు చెడింది. పొద్దున్నే గోవిందప్ప పరుగెత్తుకొచ్చి, బిడ్డకు కాసిని బొరుగులు కావాలన్నాడు. అప్పుడే మొదటి వాయి దిగింది. వేడివేడిగా ఉన్నదాంట్లోంచి శేషప్ప ఒక చేటెడు తీసి ఇచ్చేశాడు. జబ్బు పడ్డ బిడ్డకు ఇచ్చేటప్పుడు ఇది ఎవరి వాయి అని ఎవరు ఆలోచిస్తారు? మద్దమ్మ ఆలోచించింది. తన వంతుగా వచ్చిన బొరుగులను ముట్టుకోలేదు. వాకిట్లో కోళ్లకు చల్లింది. చల్లుతూ రోడ్డు అవతలికి వినబడేటట్టు, "ఎంగిలి కూడు నాకు పనికిరాదు" అంది. ఆ తర్వాత చాలా రోజులు కాళమ్మతో మాట మానేసింది. కాళమ్మ వచ్చి కాళ్ల దగ్గర కూర్చున్నా ముఖం గోడవైపు తిప్పుకుంది. బతిమాలించుకోవడంలో ఉన్న రుచి మరిగిన మనిషికి ఎక్కడ ఆపాలో తెలియలేదు.

అది మూడో ఏడు. ఆయుధపూజ ఇంకా దూరంగానే ఉంది. ఒక పొద్దున శేషప్ప పళ్లెంలో ఆకులు, వక్కలు, అరటిపండ్లు పెట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"అమ్మా, మాకు సెలవియ్యండి. పోతాము."

"యాడికి?"

శేషప్ప బుర్ర గోక్కున్నాడు. "దూరం ఏమీ లేదమ్మా. ఎదురుగానే. గోవిందప్ప వాళ్ల గడ్డి కొట్టంలోకి."

మద్దమ్మ ఆ పళ్లెం వైపు చూడలేదు. లోపలికి పోయి, నీళ్ల కడవ పక్కన కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాళమ్మ పోతోందని ఏడ్చింది కొంత. మిగతాదంతా ఎక్కడికి పోతోందో తలుచుకుని ఏడ్చింది. హోసూరు పోయినా, బెంగుళూరు పోయినా, గుండె రాయి చేసుకునేది. బావి దానిదే, బల్బు దానిదే, కొడుకులు దానివాళ్లే. ఉన్న ఒక్క కాళమ్మ కూడా దానికే కావలసి వచ్చిందా?

మరునాడు బస్సెక్కి కృష్ణగిరి పోయింది. అక్కడ ఒక ప్లీడరు దగ్గర గుమాస్తాగా ఉన్న శ్రీరంగప్ప అత్తిముగం వాడే, ఆమెకు తమ్ముడి వరస. కోర్టు ఎదుట కాఫీ హోటల్లో కూర్చోబెట్టి ఆమె చెప్పిందంతా విన్నాడు.

"వాళ్లను తిరిగి తెచ్చి నా కొట్టంలో కూర్చోబెట్టేదానికి ఏమి చేయల్లప్పా?"

"మనిషిని కట్టేసి కూర్చోబెట్టే చట్టం యాడా లేదక్కా. పోయేటోడు పోతాడు. కానీ మూడేండ్లు ఉంటానని పెద్దమనిషి ముందర ఒప్పుకున్నాడు కాబట్టి, మిగిలిన నెలల బాడుగ నువ్వు అడగొచ్చు."

"అడగొచ్చా!"

"ఉండక్కా, అంతా విను. ఇంకెవురన్నా కొట్టం కావాలని వస్తే ఇచ్చేయల్ల. వాళ్లు దిగిన నాటి నుంచి వీళ్ల బాధ్యత తీరిపోతుంది. వచ్చినోళ్లను తరిమేసి, ఖాళీగా పెట్టుకోని, వీళ్లనే ఇమ్మంటే ఎవురూ ఒప్పరు. ఇంకొకటి. వాళ్ల సామాను ముట్టొద్దు. తలుపుకు బీగం గీగం వేయొద్దు. నువ్వు బీగం వేసినావంటే కొట్టాన్ని నువ్వే తిరిగి తీసుకున్నట్టు. ఆ తర్వాత నీకు అడిగే హక్కు ఉండదు. అర్థమయిందా?"

"అర్థమయింది" అంది మద్దమ్మ. అర్థమయింది "అడగొచ్చు" అన్న ఒక్క మాటే. ఆ మాటను కొంగున ముడి వేసుకున్నట్టు భద్రంగా పట్టుకుని ఇల్లు చేరింది. తనకు కావలసింది బాడుగ కాదన్న సంగతి ఆమెకూ తెలుసు. బాడుగ పేరు చెబితే శేషప్ప బెదిరి తిరిగి వస్తాడు, అతని వెనకే కాళమ్మ వస్తుంది, అది నాగక్క కళ్లారా చూస్తుంది. ఆమె లెక్క అది.

కుందారపల్లిలో బస్సు దిగి చూస్తే ఏముంది? గోవిందప్ప గడ్డి కొట్టంలో కొత్త పొయ్యి లేస్తోంది. నాగక్క కొంగు నడుముకు చుట్టుకుని తన చేతులతో మట్టి పిసికి అందిస్తోంది. కాళమ్మ ఏదో అన్నది, ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు విన్నాక శ్రీరంగప్ప చెప్పిన జాగ్రత్తలు మద్దమ్మ తలలో ఎక్కడా లేకుండా పోయాయి. పెద్ద బాణలి, జల్లెళ్లు, ఇసుక గంపలు ఇంకా ఆమె కొట్టంలోనే ఉన్నాయి. కొత్త పొయ్యి ఆరాక బండి కట్టుకుని తీసుకుపోదామని శేషప్ప ఉంచాడు. ఆమె నేరుగా ఇంట్లోకి పోయి, రాజప్ప నాటి ఇనుప తాళం తెచ్చి కొట్టం తలుపుకు వేసేసింది. తాళంచెవి మెడలో వేసుకుని, నాగక్కకు కనబడేటట్టు అరుగు మీద కూర్చుంది.

శేషప్ప వచ్చి దండం పెట్టాడు. గడువు అయ్యేదాకా తలుపు తీయనంది. కాళమ్మ వచ్చి ఏడ్చింది. లోపల మనసు కరిగింది, తలుపు తీయడానికి చెయ్యి కూడా లేచింది. అంతలో రోడ్డు అవతల నాగక్క నిలబడి చూస్తుండటం కనబడి, లేచిన చెయ్యి దించేసింది.

కొన్నాళ్లకు కదిరప్ప అనే గొర్రెలవాడు పెళ్లాం మునివెంకటమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. కంబళ్లు నేసే మగ్గం పెట్టుకోవడానికి కొట్టం కావాలన్నాడు. మునివెంకటమ్మ మంచి మనిషి, మాటకారి. వచ్చీ రాగానే "ఒంటిగా ఉండారా అమ్మా?" అని మద్దమ్మ పక్కన చతికిలబడి, తమలపాకుకు సున్నం రాసి ఇచ్చింది. ఇంకెవరైనా అయితే ఆ క్షణమే సరేననేవారు. మద్దమ్మ మాత్రం, వీళ్లు దిగితే కాళమ్మ ఇక తిరిగి రాదు, నాగక్క గెలిచినట్టే అనుకుంది.

"కొట్టం ఖాళీ లేదు" అంది.

"బీగం వేసుండాది కదమ్మా?" అన్నాడు కదిరప్ప.

"లోపల మనుషులు ఉండారనే అనుకో" అంది. వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని వెళ్లిపోయారు. వేరే వీధిలో మగ్గం పెట్టుకున్నారు.

ఆయుధపూజ దగ్గర పడింది. పెద్ద బాణలి లేక శేషప్ప చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. పండక్కి బొరుగులు లేకపోతే ఎట్లా అని ఊరంతా గగ్గోలు పెట్టింది. హనుమంతయ్య అందర్నీ తన వాకిట్లోకి పిలిచాడు.

"మద్దమ్మా, గడువు తీరకముందే వాళ్లు పోయినారు. తప్పు వాళ్లదే. ఆ మాట నేను అందరి ముందరా చెబుతా ఉండాను" అన్నాడు. మద్దమ్మ తల ఎత్తి నాగక్క వైపు చూసింది. "నువ్వు ఊరికే ఉండింటే, ఇంకొకరు దిగేదాకా బాడుగ ఇప్పించేవాణ్ని. నువ్వు బీగం వేస్తివి. కదిరప్ప వస్తే లేదంటివి. బీగం నీది, బీగంచెవి నీది, కొట్టం నీ చేతిలో ఉండాది. నీ చేతిలో ఉండే కొట్టానికి ఇంకొకడు బాడుగ ఎట్ల ఇస్తాడు? వాళ్ల సామాను వాళ్లకు ఇచ్చేయమ్మా."

"బాడుగ ఎవురికి కావల్లయ్యా!" అని మద్దమ్మ గట్టిగా అరిచింది. "నా ఇంటి మనుషుల్ని ఆ నాగక్క ఎగరేసుకోని పోయింది. దానికి తీర్పు చెప్పు!"

అంతవరకు మొగుడి వెనక నిలబడిన కాళమ్మ ముందుకు వచ్చింది.

"నాగక్కమ్మ మమ్మల్ని పిలవలేదు. మేమే పోయి అడిగితిమి. గడువుదాకా ఆడనే ఉండండి, మా అక్క బాధపడుతుంది అని ఆమె రెండు తూర్లు వెనక్కి పంపింది. ఆ గడ్డి కొట్టం వానకు కారుతుంది, దానికి తలుపు కూడా లేదు. అయినా ఆడ నేను యాడికి పోయినాను, ఎవురితో నవ్వినాను అని అడిగేవాళ్లు లేరు. మీ దగ్గర ఊపిరి పీల్చినా లెక్క చెప్పల్ల. మీరు అట్ల అడగకుంటే నేను యాడికి పోయేదాన్ని అత్తా?"

మద్దమ్మ మెడలోంచి తాళంచెవి తీసి కింద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా ఇంటికి నడిచింది. కోపం రాలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

పండగ రోజు పొద్దున కొడవలి, రోకలి కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టింది. పెట్టడానికి బొరుగులు లేవు. చాలాసేపు గింజుకుంది. చివరికి చేటలో బియ్యం పోసుకుని, తల వంచుకుని రోడ్డు దాటింది. గోవిందప్ప గడ్డి కొట్టం ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. బాణలి దగ్గర చెమటతో తడిసిపోయిన కాళమ్మ ఆమె చేతిలోంచి చేట అందుకుంది.

"కూర్చోండమ్మా. ముందొచ్చినోళ్లు ఉండారు" అంది మర్యాదగా. అందరితో అన్నట్టే అంది.

కూర్చోవడానికి చోటు ఒక్క నాగక్క అరుగు మీదే ఉంది. నాగక్క కొంచెం పక్కకు జరిగి, "రా అక్కా" అంది. మద్దమ్మ కూర్చుంది. పొగ నేరుగా అరుగు మీదికే వస్తోంది. ఇద్దరికీ కళ్లు మండుతున్నాయి. నాగక్క రోడ్డు అవతలికి చూస్తూ మొదలుపెట్టింది.

"ఒక మాట చెబుతాను, నవ్వొద్దు. ఈ అరుగు మీద కూర్చోని మీ వాకిలి చూస్తా ఉంటే నాకు కడుపు రగిలిపోయేది అక్కా. ఇంత మంది కొడుకులు, కోడండ్లు ఉండారు. నా పక్కన కూర్చోని నా తల దువ్వినవాళ్లు ఒక్కరు లేరు. అత్తా అత్తా అని ఆ పిల్ల నీ వెనక తిరగతా ఉంటే, లోపలికి పోయి తలుపు వేసుకునేదాన్ని."

మద్దమ్మ చప్పున తిరిగి ఆమె ముఖంలోకి చూసింది. రాయి లాంటి ఆ ముఖం మీద నీళ్లు కారుతున్నాయి, పొగకో దేనికో.

"నిజంగానా?"

"నీ మీద ఒట్టు."

రోడ్డు అవతల మద్దమ్మ కొట్టం తలుపు బార్లా తెరుచుకుని ఉంది. లోపల రెండు కోళ్లు పాత పొయ్యిలో చల్లారిన ఊకను కెలుకుతున్నాయి. నాగక్క ఆ రెండేళ్లూ చూసి ఏడ్చిన భాగ్యం అదే. కూర్చుని అనుభవించాల్సిన రోజుల్లో మద్దమ్మ దానికి కాపలా కాసింది. ఆ సంగతి ఆమెకు ఇప్పుడు తెలిసింది. అయినా మనసు ఊరుకోలేదు.

"ఎప్పుడు ఎక్కువగా రగిలేది?" అని అడిగింది.

"సంతనాడు. నువ్వు గట్టిగా నవ్వుతావు చూడు, అప్పుడు."

మద్దమ్మ కళ్లు తుడుచుకుని, తోడికోడలి దగ్గరికి ఇంకొంచెం జరిగింది.

"ఇంకా చెప్పు" అంది.